నడుస్తున్న ఇంజన్ని విప్పిన వానాకాలం

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నది కారు ఇంజనొక్కటే. మా ఆయన దాన్నే విప్పారు.

తాళం తిప్పితే చాలు, పలికేది. పొగ లేదు, నూనె కారడం లేదు, వినకూడని చప్పుడేదీ లేదు. కారుతున్నది పై వాటాలో స్నానాల గది కుళాయి. చప్పుడు చేస్తున్నది మా వంటింటి కిటికీ రెక్క, కాస్త గాలి వీస్తే టకటకమని. మెట్లెక్కుతుంటే నా ఎడమ మోకాలు కూడా ఏదో చెబుతోంది. వీటి జోలికి ఎవరూ పోలేదు.

"ఇంతకీ దానికేమైంది?" అని అడిగాను, షెడ్డు గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని. కారు కింద నుంచి మా ఆయన కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏమీ కాలేదు."

"మరెందుకు విప్పడం?"

"అయ్యాక విప్పితే రిపేరు. కాకముందు విప్పితే మెయింటెనెన్సు. కాఫీ అక్కడ పెట్టు, పానాల పక్కన కాదు, ఇటు."

మా ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. తాడు తెగకముందే మార్పించడం, మార్పించాక గుర్తు వెయ్యడం, గుర్తు వేసిన తేదీ రాయడం ఆయన ఉద్యోగం. ఏమీ జరక్కపోతే ఆయన బాగా పనిచేసినట్టు. ఆ సూత్రం ఇంటికొచ్చేసరికి షెడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది, కుళాయి దాకా రాదు.

కారు మా ఒక్కరిది కాదు. పై వాటాలో ఉండే మా మరిదీ ఆయనా కలిసి సెకండ్‌హ్యాండులో కొన్నారు. నేలకి ఆనుకున్నట్టుండే రెండు తలుపుల కారు. అందులోంచి దిగాలంటే ముందు కాళ్ళు, తర్వాత మర్యాద, చివర్న మనిషి బయటికి రావాలి. ఒక వారం అన్నగారిది, ఒక వారం తమ్ముడిది. ఇద్దరూ దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఇంట్లో ఇంకే వస్తువునీ తుడవగా నేను చూడలేదు.

ఆ రోజు భోజనాల బల్ల మీద మా ఆయన చిన్న లోహపు ముక్క ఒకటి పెట్టారు. చేతి గాజుని సగానికి కోసినట్టుంది, పలచగా, లోపలంతా వెండిలా మెరుస్తూ.

"ఇదీ బేరింగు. ఇటు కనెక్టింగ్ రాడ్డు, అటు క్రాంక్ షాఫ్టు. రెండూ గట్టి ఇనుమే. నేరుగా రాసుకున్నాయనుకో, ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని మధ్యలో దీన్ని పెడతారు. ఇది మెత్తన."

"మెత్తగా ఉంటే అరిగిపోదూ?"

"అరగడానికే పెట్టేది. ఇది అరిగితే అవి బతుకుతాయి. ఈ రకం ఇంజన్లలో తొందరగా అరుగుతాయి. అరిగి పక్కకి తిరిగిందో, ఇంజనంతా తుక్కు. ముందుగా ఏమీ చెప్పదు కూడా."

"ఏది?"

"బేరింగు. అది చప్పుడు చేసేసరికే ఆలస్యమైపోతుంది."

ఆ ముక్కని పక్కకి జరిపి కంచాలు పెట్టాను. "చిన్నాకి చెప్పారా?"

"వాడు ఊరి నుంచి వచ్చేసరికి అయిపోతుంది. విప్పినట్టు కూడా తెలీదు."

చిన్నా అంటే మా మరిదే. బస్సు డ్రైవర్లకి శిక్షణ ఇస్తాడు. అప్పుడు పొరుగూర్లో కొత్త డ్రైవర్లకి నేర్పడానికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేలోపు అయిపోవలసిన పని ఎందుకు కాలేదంటే, ముందు వానకి షెడ్డులోకి నీళ్ళొచ్చాయి. తర్వాత తెప్పించిన బోల్టుల పొట్లం విప్పి చూస్తే అవి ఇంకేదో ఇంజనువి. ఈలోగా నా బేకింగ్ ట్రేలో నట్లు, గుడ్ల అట్టలో వాషర్లు, నేను పిండి జల్లించే జల్లెడలో నేను చూడదలచుకోనిది ఏదో చేరాయి.

మరిది వచ్చిన సాయంత్రం జల్లు పడుతోంది. పెట్టె చేతిలో ఉండగానే షెడ్డు దగ్గర ఆగిపోయాడు. ఇంజను పైనించి అడ్డంగా వేసిన కమ్మీకి వేలాడుతోంది. మామూలుగా కారులో దాన్ని మోసే దూలం, అడుగున నూనె నిలవుండే చాంబరు విడిగా గోడకి ఆనించి ఉన్నాయి.

"ఇదేంటి?"

"బేరింగులు మారుస్తున్నా," అన్నారు మా ఆయన, చేతులు తుడుచుకుంటూ.

"ఎందుకూ? నేను వెళ్ళేటప్పుడు బానే ఉందిగా."

"బానే ఉంది కాబట్టే."

"ఒక్క ఫోను కొడితే ఏం పోయేది అన్నయ్యా? సగం నాది అది."

"అడిగితే వద్దంటావు."

"వద్దంటాననే కదా అడగాలి."

అక్కడితో ఆగినా సరిపోయేది. మా ఆయన ఆగలేదు. "నువ్వు నడిపే తీరుకి అది ఇన్నాళ్ళు నిలవడమే గొప్ప," అన్నారు.

పదిమందికి బండి నడపడం నేర్పేవాణ్ణి పట్టుకుని అనే మాట కాదది. మరిది పెట్టెని తడి నేల మీదే దించాడు. అతని వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ నా తోటికోడలు కళ్ళు మూసుకుంది.

"సరే," అన్నాడు మరిది, చాలా నెమ్మదిగా. "ఆరు సిలిండర్లున్నాయి. ముందు మూడూ నీవి, వెనక మూడూ నావి. నావి నేను మార్చుకుంటా. నువ్వు చెయ్యి పెట్టకు."

నేను వేళాకోళం అనుకున్నాను. మా ఆయన సుద్దముక్క తీసుకుని ఇంజను పక్కన గీత గీశారు.

మరిది నా వైపు తిరిగాడు. "వదినా, వానలు ఆగేలోపు ఇది తేలకపోతే మేం వేరే ఇల్లు చూసుకుంటాం. అన్నయ్యకి చెప్పండి." వాళ్ళ అన్నయ్య అతనికి మూడడుగుల దూరంలో ఉన్నారు.

అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆయన పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేముందు షెడ్డులో దూరేవారు, ఇతను సాయంత్రం వచ్చాక. ఒకరి పానా ఇంకొకరు ముట్టుకోరు. కానీ బిగువు కొలిచే టార్కు రెంచి ఒక్కటే, చాంబరు ఒక్కటే, ఇంజనూ ఒక్కటే కాబట్టి చెప్పుకోవలసినవి బోలెడుండేవి. పై వాటాకి మెట్లు మా వంటింటి పక్కనుంచి మొదలవుతాయి. అంటే నా దగ్గర్నుంచి.

"ఏమోయ్, చాంబరు అంచులు శుభ్రంగా గీకమని చెప్పు వాడికి. చిన్నప్పట్నుంచీ వాడికి అంచులు తుడిచే అలవాటు లేదు."

పైకెళ్ళాను. "అంచులు గీకమంటున్నారు."

"గీకుతాను కానీ వదినా, అన్నయ్యకి చెప్పండి, ఆయన ముహూర్తం చూసుకుని గీకేసరికి వచ్చే వానాకాలం వస్తుందని."

కిందికొచ్చాను. "సరేనన్నాడు."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

"ఇంకేమీ అనలేదు."

ఇలా పైనించి కిందికీ కిందినించి పైకీ తీసుకెళ్ళే మాటల్లో ముళ్ళు ఏరి, తొక్క తీసి, తినగలిగేలా చేసి ఇచ్చేదాన్ని. "గాడిద" అన్నది "చిన్నా" అయ్యేది. "ముసలి ఇన్‌స్పెక్టరు" అన్నది "అన్నయ్య" అయ్యేది. మోకాలు మాత్రం మెట్టు మెట్టుకీ ఉన్నదున్నట్టు చెప్పేది.

తోటికోడలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఎవర్ని చూసినా ముఖానికి ఫ్రేము కొలుస్తున్నట్టు చూస్తుంది. ఒకరోజు మెట్ల మలుపులో నన్ను ఆపింది.

"అక్కా, నిన్న మా ఆయన బావగార్ని ఏమన్నారో నేను విన్నాను. కిందికెళ్ళి నువ్వేం చెప్పావో కూడా విన్నాను."

"అయితే?"

"ఏం లేదు. రెండూ ఒకే మాటని ఎవరూ అనుకోరు."

"మీ ఇల్లు వెతికే పని ఎంతదాకా వచ్చింది?" అని అడిగాను. అడగాలని అనుకోలేదు.

"చూస్తున్నాం," అంది, గోడవైపు చూపు తిప్పి.

వాళ్ళు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో మగవాళ్ళు కారు కింద ఉన్నంతసేపూ, మొదలుపెట్టిన వాక్యాన్ని పూర్తిచేసే మనిషి నాకు తనొక్కతే. ఇప్పుడు వెళ్తే కోపంతో వెళ్తారు. కోపంతో ఖాళీ చేసిన ఇంటికి మళ్ళీ ఎవరూ భోజనానికి రారు. నేను మెట్లెక్కిందంతా అందుకే.

పాత బేరింగులు బయటికొచ్చిన ఆదివారం ఇద్దరూ షెడ్డులోనే ఉన్నారు, చెరో వైపు. గుడ్ల అట్టలో వరసగా పెట్టి నాకు చూపించారు, విడివిడిగా. నేను షెడ్డు కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. చాలావాటికి చిన్న చిన్న గీతలు తప్ప ఏమీ లేవు. అయిదోదానికి మాత్రం వెండి పూత చెరిగిపోయి, మధ్యలో రాగి రంగు బయటపడింది, గోరంత మేర.

"చూశావా?" అన్నారు మా ఆయన, మొహం వెలిగిపోతూ. "రాగి వచ్చేసింది. ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఏమయ్యేదో అడుగు వాణ్ణి."

"చూశారా వదినా?" అన్నాడు మరిది రెండో వైపు నుంచి. "మిగతావన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్కదానికోసం ఇంజనంతా విప్పాల్సిన పనేముందో అడగండి ఆయన్ని."

నేను అడగలేదు. ఎంత చూసినా ఆ ముక్కలో ఇద్దరికీ సరిపడా సాక్ష్యం ఉంది. ఆ అట్ట ఇంక నాకొద్దని మాత్రం చెప్పాను.

సరైన బోల్టులు వచ్చాయి. వాటి గురించి కూడా బల్ల దగ్గర పాఠం విన్నాను. ముందు రెంచితో ఒక బిగువు దాకా బిగించాలట. తర్వాత కొలిచి ఇంకో పావు తిప్పు తిప్పాలట. ఆ తిప్పుకి బోల్టు కాస్త సాగుతుంది, ఆ సాగడంలోనే పట్టంతా ఉంది. అలా సాగినదాన్ని మళ్ళీ తిప్పితే తెగచ్చు, తిప్పకుండా వదిలేస్తే ఊడొచ్చు, విప్పితే పారెయ్యాలి. అందుకని మా ఆయన తన మూడింటికీ తిప్పు పూర్తయిన ప్రతి బోల్టు తల మీదా పసుపు రంగు చుక్క పెట్టారు.

మరుసటి రోజు పొద్దున్న చాంబరు ఎక్కించడానికి కిందికి దూరి చూస్తే వెనక మూడింటికీ ఒక్క చుక్క కూడా లేదు.

ఆ పొద్దున్న నేను పొయ్యి మీద పాలు పెట్టి, కొత్త రబ్బరు సీలు ఎక్కడ పెట్టాడో అడగడానికి పైకి వెళ్ళాను. మరిది స్నానంలో ఉన్నాడు. తలుపు ఇవతలనుంచి నేను అడిగితే, నీళ్ళ చప్పుడులోంచి అతను ఏదో చెప్పి, అది కాదు ఇంకోటి అని, చివరికి షెడ్డులోనే కిటికీ మీద ఉందని చెప్పాడు. నేను కిందికొచ్చేసరికి పాలు పొంగి, పొయ్యి ఆరి, గట్టు మీంచి జారి నేల మీదకొచ్చాయి. సీలు దొరికిందని షెడ్డులోంచి వినిపించింది, అప్పటికే.

గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాను.

"ఏమోయ్," షెడ్డులోంచి మా ఆయన. "వెనకవాటికి తిప్పు అయ్యిందో లేదో అడిగిరా."

నేను గుడ్డ పిండుతున్నాను.

"వినిపించిందా? గుర్తు పెట్టలేదు వాడు. అయ్యిందా లేదా అని అడుగు."

"నేను అడగను," అన్నాను.

ఆయన షెడ్డు గుమ్మంలోకి వచ్చి వంటింట్లోకి తొంగి చూశారు, మోచేతుల దాకా నూనెతో. "ఏం?"

"పొయ్యి తుడుస్తున్నాను."

"తుడిచాక?"

"తుడిచాక గట్టు. తర్వాత నేల."

ఆయన పైకి చూశారు. మెట్లు అక్కడే ఉన్నాయి, పై గుమ్మంలో లైటు వెలుగుతోంది. నిలబడ్డ చోటునుంచి కాస్త గొంతెత్తితే చాలు. ఆయన తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయారు. "అవసరం లేదు. విప్పి పారేసి కొత్తవి తెప్పిస్తా. ఇంకో నాలుగు వారాలు పడితే పడుతుంది," అన్నారు, నాకో ఇంజనుకో.

నేను గట్టు దగ్గరికి వచ్చాను. కారు కిందకి దూరిన చప్పుడు, రెంచి తగిలిన చప్పుడు. తర్వాత ఆయన మూలుగు. ఆ వెంటనే బిగిసిన బోల్టు పట్టు వదిలి 'ఠక్'మని ఇల్లంతా వినిపించేలా ఒక శబ్దం, ఎండుకర్ర విరిగినట్టు.

పైన తలుపు దభాలున తెరుచుకుంది. మరిది తువ్వాలు చుట్టుకుని, తలనిండా సబ్బు నురగతో, మెట్లు రెండేసి చొప్పున దిగి నా పక్కనుంచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

"అన్నయ్యా, ఆపు, విప్పకు. అది అయిపోయింది. దాన్ని తిప్పేశాను. మూడూ తిప్పేశాను."

"గుర్తేది మరి?"

"గుర్తెందుకు? నా చేతికి తెలుసు."

"నీ చేతికి తెలిస్తే నాకెలా తెలుస్తుందిరా?"

"అడగాలి."

"అడిగాను."

"ఎవర్ని?"

ఇద్దరూ కలిసి షెడ్డు గుమ్మంలోంచి నా వైపు చూశారు.

"వదినా, అన్నయ్య అడిగితే మీరు చెప్పొచ్చుగా?"

"నేను చెప్పాను కదా నీతో, అడిగిరమ్మని. ఒక్క నిమిషం పనికి..."

"విప్పేసరికి బంగారం లాంటి బోల్టు పోయింది," అన్నాడు మరిది.

"రెండూ మార్చాలి. జత కదా," అన్నారు మా ఆయన.

"అవును, జత," అన్నాడు తమ్ముడు.

ఆ వానాకాలంలో అన్నదమ్ములిద్దరూ మొదటిసారి ఒక్క మాట మీదకి వచ్చిన సంగతి ఇది, తప్పు నాదని. నేను గట్టు తుడవడం పూర్తి చేసి నేల మొదలుపెట్టాను. మరిది నురగ కళ్ళల్లోకి కారుతుంటే నా గుడ్డ అడిగాడు. అది పాలగుడ్డ అని చెప్పాను. ఫర్వాలేదన్నాడు.

ఆ రోజు తర్వాత నేను ఏ మాటా తీసుకెళ్ళలేదు. ఎవరూ తెమ్మనలేదు కూడా. ఆ జత బోల్టులు వచ్చేదాకా చెయ్యడానికి పనేమీ లేకపోయినా ఇద్దరూ సాయంత్రాలు షెడ్డులో కూచునేవాళ్ళు. అరుచుకునేవాళ్ళే. "నీకు చేతకాదు" అంటే "నీకసలే చేతకాదు" అని. నేను ఏరి ఇచ్చినదానికన్నా వందరెట్లు ముళ్ళున్న మాటలు, సూటిగా. నేను లోపల కూరగాయలు తరుగుతూ, ఇంక తలుపు విసిరేస్తారు, ఇంక సామాన్లు సర్దుతారు అని ఎదురుచూసేదాన్ని. తలుపు విసిరేవారు కాదు. కాసేపటికి ఎవరో ఒకరు నవ్వేవారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది. ఇన్నాళ్ళూ నేను మెట్లెక్కి దిగింది దేనికి?

వానలు సన్నబడ్డాక ఇంజను కట్టారు. వెనక మూడింటి బోల్టుల మీద కూడా పసుపు చుక్కలు ఉన్నాయి. మరిదే పెట్టాడు. కాస్త పెద్దవిగా, మా ఆయనకి కనపడాలని.

స్టార్టు చేసేటప్పుడు నన్నూ తోటికోడల్నీ పిలిచారు. తాళం తిప్పారు. పలికింది. మేం నలుగురం నిలబడి విన్నాం.

"ఏమన్నా తేడా తెలుస్తోందా?" అని అడిగారు మా ఆయన.

నిజం చెప్పాను. "లేదు. ఇదివరకు ఎలా ఉందో అలాగే ఉంది."

"కదా," అన్నారు మా ఆయన, ఎంతో తృప్తిగా. మరిది కూడా తలూపాడు.

తోటికోడలు నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చింది. కిటికీ రెక్క టకటకలాడుతోంది. తను దాన్ని వేలితో నొక్కి పట్టుకుంది.

"అక్కా, ఇల్లు కుదిరింది. వచ్చే నెల వెళ్తున్నాం."

నాకు అర్థం కాలేదు. "ఇప్పుడెందుకు? అంతా సర్దుకుంది కదా. ఇద్దరూ బానే ఉన్నారు."

"బానే ఉన్నారు కాబట్టే," అంది. "బావగారు ఇంజనుకి చేసిందే మేమూ చేస్తున్నాం. నడుస్తుండగానే." తర్వాత కాస్త ఆగి, నా ముఖానికి ఏ ఫ్రేము సరిపోతుందో చూసినట్టు చూసి, "నీ మోకాలు కూడా చూపించుకో అక్కా. మెట్లు నీకు పడవు," అంది.

ఆ ఇంట్లో అందరికన్నా తెలివైనది తనేనని నాకు ముందే తెలుసు. అయినా ఆ తెలివి నా మీద ఇలా వాడుతుందనుకోలేదు. పోనీ కోపం తెచ్చుకుందామంటే దానికి కావలసిన తప్పేదీ దొరకలేదు. "గిన్నెల స్టాండు తీసుకెళ్ళు. అక్కడ ఉండదు," అన్నాను.

కోపం లేకుండా వెళ్ళారు. ఆ నేలకి ఆనే కారులోనే మూడు విడతలుగా సామాన్లు చేరేశారు. గిన్నెల స్టాండు కిటికీలోంచి బయటికి పొడుచుకొచ్చి, మా ఆయన దాన్ని పట్టుకుని పక్కన నడుస్తూ, "నెమ్మదిగా పోనీరా, నెమ్మదిగా," అంటూ వీధి చివరిదాకా వెళ్ళారు. "నాకు నడపడం నేర్పకు," అన్నాడు మరిది లోపల్నుంచి. అది విని నేను లోపలికి వచ్చేశాను.

ఆ అయిదో నంబరు బేరింగు ముక్క, రాగి బయటపడినది, గుడ్ల అట్టలో మిగిలిపోయింది. కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్య సరిగ్గా పట్టింది. నేను దాన్ని అక్కడ దోపాను. ఎంత గాలి వీచినా ఇప్పుడు రెక్క కదలదు.

మొన్న ఆదివారం వాళ్ళు భోజనానికి రావలసి ఉంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, పాలు కాగుతున్నాయి. మా ఆయన షెడ్డులోంచి పిలిచారు, అలవాటుగా.

"ఏమోయ్, చిన్నోడు ఎన్నింటికి వస్తాడో అడుగు."

నేను పాలు చూస్తున్నాను. పొంగు అంచుదాకా వచ్చింది, మంట తగ్గించాను.

పానా కింద పెట్టిన చప్పుడు. తర్వాత షెడ్డులోంచి ఆయన గొంతు, ఫోనులో. "ఒరేయ్, ఎన్నింటికొస్తారు?"